బూడిద రంగు కోటు, బొమ్మ గీసిన తెర



పోయిన నెల యువజన కూటంలో మనమంతా కలిసి ‘ఎక్స్‌పెరిమెంటర్’ అనే ఇంగ్లీషు సినిమా చూశాం. మైకేల్ అల్మెరేడా తీసిన ఈ సినిమా 2015లో వచ్చింది. అయిపోయాక చర్చలో ఒక తమ్ముడు లేచి ఇలా అడిగాడు: “అయ్యగారూ, ఇది నిజంగా జరిగిన సంగతే కదా, మరి ఇంత అబద్ధంగా తీశారేంటి? కారు కదలడం లేదని చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతోంది. ఆ గడ్డం అతికించిందే. ఒక చోట ఇల్లంతా ఫోటోయే. డబ్బుల్లేక అలా తీశారా?”

అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. ఏదో ఒక జవాబు చెప్పి, ప్రార్థన చేసి పంపేశాం. కాని ఆ ప్రశ్న నెల రోజులుగా మా మనసులో నుంచి పోలేదు. అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదని ఆలోచించిన కొద్దీ అర్థమైంది. అందుకే ఈ సాయంత్రం దానికి సరైన జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాం.

ఆ రోజు రాని వాళ్ల కోసం ముందు ఆ ప్రయోగం ఏమిటో చెప్పుకుందాం. స్టాన్లీ మిల్‌గ్రామ్ 1933లో న్యూయార్కులో పుట్టాడు. అమ్మానాన్నలు తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదులు. లక్షల మంది యూదులను రైళ్లలో మరణ శిబిరాలకు తరలించిన నాజీ అధికారి అడాల్ఫ్ ఐక్‌మన్ విచారణ 1961లో యెరూషలేములో జరిగింది. పై అధికారులు చెప్పిందే చేశానని అతని వాదన. అదే ఏడాది ఆగస్టులో, యేల్ విశ్వవిద్యాలయంలో మిల్‌గ్రామ్ తన ప్రయోగాలు మొదలుపెట్టాడు. మామూలు మనిషి, పై వాడు చెప్పాడని, సాటి మనిషిని ఎంత దూరం బాధపెట్టగలడన్నది అతని ప్రశ్న.

జ్ఞాపకశక్తి మీద పరిశోధనకు మనుషులు కావాలని పేపర్లో ప్రకటన ఇచ్చారు. గంట పనికి 4 డాలర్లు, దారి ఖర్చులకు 50 సెంట్లు. వచ్చిన మనిషిని ‘టీచరు’ కుర్చీలో కూర్చోబెట్టి, పక్క గదిలో మరో మనిషిని ‘విద్యార్థి’గా కట్టేసేవారు. విద్యార్థి తప్పు చెప్పిన ప్రతిసారీ టీచరు కరెంటు షాకు ఇవ్వాలి. ముందున్న యంత్రంలో 30 స్విచ్చులు, 15 వోల్టులతో మొదలై 450 దాకా. వెనక బూడిద రంగు కోటు వేసుకున్న ఒకాయన కూర్చుని, టీచరు వెనకాడినప్పుడల్లా కొనసాగించమని నెమ్మదిగా చెప్పేవాడు. అరిచేవాడు కాదు, బెదిరించేవాడు కాదు. మొదట ప్రచురించిన ఫలితంలో 40 మందిలో 26 మంది చివరి స్విచ్చు దాకా వెళ్లారు. అంటే నూటికి 65 మంది. చెమటలు పట్టినవాళ్లున్నారు, వణికినవాళ్లున్నారు, ఎందుకో తెలియకుండా నవ్వు ఆపుకోలేనివాళ్లున్నారు. అయినా నొక్కారు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ గదిలో దాదాపు అన్నీ అబద్ధమే. విద్యార్థి కుర్చీలో ఉన్నాయన లెక్కలు రాసుకునే ఒక అకౌంటెంటు, డబ్బిచ్చి తెచ్చుకున్న నటుడు. కోటు వేసుకున్నాయన శాస్త్రవేత్త కాడు, హైస్కూలు బయాలజీ మాస్టారు. ఎవరు టీచరో తేల్చడానికి చీట్లు తీయించేవారు, కాని రెండు చీట్ల మీదా ‘టీచరు’ అనే రాసి ఉండేది. చాలా రకాల ప్రయోగాల్లో గోడ అవతలి నుంచి వచ్చిన కేకలు ముందే టేపులో రికార్డు చేసినవి. యంత్రం విద్యార్థికి ఒక్క షాకూ ఇవ్వలేదు. నిజమైన షాకు ఒక్కటే. నమ్మకం కలగడానికి టీచరుకే రుచి చూపించిన 45 వోల్టుల షాకు.

అంటే మిల్‌గ్రామ్ చేసింది సగం శాస్త్రం, సగం నాటకం. సెట్టు ఉంది, వేషాలు ఉన్నాయి, ముందే రాసుకున్న మాటలు ఉన్నాయి, తెర వెనక అద్దం చాటున కూర్చుని చూసే దర్శకుడు ఉన్నాడు. ఆ నాటకంలో తాను నటిస్తున్నానని తెలియని మనిషి ఒక్కడే, ఆ టీచరు.

ఇలాంటి సంగతిని సినిమాగా తీయడానికి రెండు దారులు ఉన్నాయని మాకు అనిపిస్తుంది.

మొదటి దారి, అన్నీ అచ్చం జరిగినట్టే చూపించడం. అదే 2015లో కైల్ పాట్రిక్ అల్వారెజ్ దర్శకత్వంలో ‘ది స్టాన్‌ఫర్డ్ ప్రిజన్ ఎక్స్‌పెరిమెంట్’ అనే సినిమా కూడా వచ్చింది. 1971 ఆగస్టులో ఫిలిప్ జింబార్డో అనే ప్రొఫెసరు విశ్వవిద్యాలయం నేలమాళిగలో ఉత్తుత్తి జైలు కట్టి, కాలేజీ కుర్రాళ్లలో కొందరిని కాపలాదారులుగా, కొందరిని ఖైదీలుగా పెట్టాడు. రెండు వారాలు అనుకున్నది ఆరు రోజులకే ఆపేయాల్సి వచ్చింది. ఆ సినిమా చూస్తుంటే ఇరుకు వరండాలో మనమే ఇరుక్కున్నట్టు ఊపిరాడదు. బాగా తీశారు, కాదనం. కాని అది చూసి బయటకు వచ్చిన వాళ్లు ఏమంటారు? “అధికారం చేతికిస్తే ఎవడైనా అంతే” అంటారు. ఆ కాపలాదారులకు ఎలా ఉండాలో ముందే కొంత నూరిపోశారని తర్వాత పరిశోధకులు పాత టేపులు, కాగితాలు తిరగేసి చెప్పారు. అచ్చం నిజంలా కనిపించే సినిమా చూస్తున్నప్పుడు ఆ అనుమానం మనకు రాదు. కళ్లారా చూశాం కదా అనుకుంటాం. 2001లో వచ్చిన జర్మన్ సినిమా ‘దాస్ ఎక్స్‌పెరిమెంట్’ ఇంకో అడుగు వేసింది. అదే ప్రయోగాన్ని ఆధారం చేసుకుని, అసలు జరగని చావులను కూడా కలిపింది. చూసేవాడికి ఏది జరిగిందో ఏది కల్పించిందో తెలియదు.

రెండో దారి అల్మెరేడా పట్టుకున్న దారి. ఇది సినిమా, ఇది కట్టిన సెట్టు, దీన్ని గుడ్డిగా నమ్మొద్దు అని అడుగడుగునా చెప్పడం. మిల్‌గ్రామ్ పాత్ర వేసిన పీటర్ సార్స్‌గార్డ్ కథ మధ్యలో మన వైపు తిరిగి మనతో మాట్లాడతాడు. తాను ఎప్పుడు చనిపోతాడో కూడా తానే చెప్తాడు. భార్యతో కారులో వెళ్తుంటే కిటికీల వెనక రోడ్డు తెర మీద నడుస్తుంటుంది. తన గురువు సాలమన్ ఆష్ ఇంటికి వెళ్తే ఆ గది ఒక నలుపు తెలుపు ఫోటో. వీళ్లు మాత్రం దాని ముందు రంగుల్లో కూర్చుని ఉంటారు.

మీరు గట్టిగా నవ్వింది వరండాలో అతని వెనక ఏనుగు నడిచినప్పుడు. ఇంగ్లీషు వాళ్లకొక వాడుక ఉంది. అందరికీ తెలిసీ ఎవరూ ఎత్తని విషయాన్ని గదిలో ఉన్న ఏనుగు అంటారు. యూదుల మారణహోమం గురించి అతను చెప్తుండగా ఆ ఏనుగు వస్తుంది. అతను వెనక్కి తిరిగి చూడడు. చూసేది మనమే.

1976లో అమెరికా టీవీలో ఈ ప్రయోగం మీద ‘ది టెన్త్ లెవెల్’ అనే నాటకం వచ్చింది. ప్రొఫెసరు వేషం విలియం షాట్నర్ వేశాడు. అల్మెరేడా తన సినిమాలో ఆ నాటకం షూటింగును కూడా చూపించాడు. నటుడి వేషంలో ఇంకో నటుడు, సెట్టులో ఇంకో సెట్టు. మనం కూర్చున్న హాలు కూడా అందులో భాగమేమో అన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానం రావాలనే తీశాడని మా అభిప్రాయం. కూట కట్టి మనిషిని మోసగించిన ఒక ప్రయోగాన్ని చెప్పేటప్పుడు, ప్రేక్షకుణ్ణి మళ్లీ మోసగించకుండా ఉండాలంటే తెర తెరేనని చూపించాలి. తమ్ముడూ, నీ ప్రశ్నకు మా మొదటి జవాబు అది. డబ్బు తక్కువైన సినిమా కావచ్చు, కాని ఆ తెర కనిపించడం పొరపాటు కాదు.

ఇది మనకు కొత్త సంగతా? కాదు. సురభి నాటకాలు చూసిన పెద్దలు మనలో ఉన్నారు. అడవి అంటే గుడ్డ మీద గీసిన అడవి, రాజమందిరం అంటే గుడ్డ మీద గీసిన స్తంభాలు. తెర ఊగుతుంటే స్తంభాలూ ఊగేవి. అయినా జనం ఏడ్చేవారు. బుర్రకథలో కథకుడు యుద్ధం చెప్తూ చెప్తూ ఆగి మన వైపు తిరిగేవాడు. పక్కనున్న రాజకీయపు వంత అప్పటి ప్రభుత్వాన్ని, ఊరి దొరను రెండు మాటలు అనేవాడు. మళ్లీ కథ. బళ్లారిలో, బరంపురంలో, షోలాపూర్‌లో, యానాంలో, హోసూరు చుట్టుపక్కల మన తాతలు ఊరు విడిచి వచ్చినా ఈ రుచి విడిచి రాలేదు. కథలో మునిగిపోవడం, మధ్యలో తల పైకెత్తి ఆలోచించడం, రెండూ ఒకే రాత్రి చేసిన జనం మనవాళ్లు.

అంత దూరం ఎందుకు? మన క్రిస్మస్ నాటకం తీసుకోండి. హేరోదుకు చార్టు పేపరు కిరీటం, గొర్రెల కాపరులకు ఇంట్లో దుప్పట్లు, దేవదూతకు జరీ చీర. అంతా తెలిసిన పిల్లలే. ఆ నాటకంలో అందరికంటే చిన్న వేషం ఎవరిదో గుర్తు చేసుకోండి. సైనికుడిది. బేత్లెహేములో పసిపిల్లలను చంపమని హేరోదు ఆజ్ఞ ఇస్తే, సైనికుడికి ఉండేది ఒక్కటే మాట, “చిత్తం మహారాజా!” వెళ్లిపోతాడు. ఎవరికి ఏ మాటా రాకపోతే వాడికి ఆ వేషం ఇస్తాం. ఇన్నేళ్లుగా ప్రసంగాల్లో మేము హేరోదును తిట్టాం కాని, ఆ సైనికుడి గురించి ఒక్క ప్రసంగం చేయలేదు. మిల్‌గ్రామ్ ప్రయోగమంతా ఆ సైనికుడి గురించే.

ఆ సినిమాను మెచ్చుకుంటున్నాం గనుక దాని లోపాన్నీ చెప్పాలి. మనతో నేరుగా మాట్లాడే హక్కు అందులో మిల్‌గ్రామ్‌కే దక్కింది. స్విచ్చు నొక్కి, వణుకుతూ ఇంటికి వెళ్లిన మనిషి మన వైపు తిరిగి మాట్లాడడు. అద్దం అవతలే ఉండిపోతాడు. మాట్లాడే వాడి మీద మనకు తెలియకుండానే ఇష్టం పెరుగుతుంది. డయానా బామ్‌రిండ్ అనే మనస్తత్వవేత్త 1964లోనే అడిగింది, నమ్మి వచ్చిన మనుషులను ఇలా మోసగించి, ఇంత వేదనకు గురిచేసే హక్కు మీకెవరిచ్చారని. చాలా ఏళ్ల తర్వాత జీనా పెర్రీ అనే ఆస్ట్రేలియా రచయిత్రి ఆ పాత రికార్డులు విని, అందులో పాల్గొన్న కొందరిని కలిసి ఒక పుస్తకం రాసింది. అంతా నాటకమని చాలామందికి వెంటనే పూర్తిగా చెప్పలేదని, ఎవరినో చంపేశామేమోనన్న బరువుతో ఇళ్లకు వెళ్లినవాళ్లున్నారని, మరి కొందరు అప్పుడే అనుమానించారని అందులో ఉంది. తెర తెరేనని చూపించే సినిమా కూడా ఎవరి చేతికి మైకు ఇవ్వాలో తానే నిర్ణయించుకుంటుంది. అది మరచిపోకండి.

ఒక కథ చెప్పి మనిషిని అతని తప్పు ముందు నిలబెట్టడం పాపమా? నాతాను ప్రవక్త దావీదుకు పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు. అది కల్పించిన కథే. దావీదు కోపంతో మండిపోయాక, ఆ మనిషి నువ్వేనని అక్కడికక్కడే తేల్చి చెప్పాడు. మిల్‌గ్రామ్‌కూ నాతానుకూ ఉన్న తేడాలు రెండు. నాతాను కథ చెప్పింది సింహాసనం మీద ఉన్నవాడికి, 4 డాలర్ల కోసం వచ్చిన వాడికి కాదు. రెండోది, ఆయన నిజాన్ని దాచి ఇంటికి పంపలేదు.

ఇప్పుడు మా సంగతి. ఇన్నాళ్లు చెప్పలేదు, ఇప్పుడు చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు.

పదిహేనేళ్ల పైమాట. మేము సేవలోకి కొత్తగా వచ్చిన రోజులు. తెలుగు రాష్ట్రాల బయట ఒక చిన్న పట్టణంలో సంఘం. మా సంఘంలోనే పెరిగిన ఒక అబ్బాయి, ఒక అమ్మాయి పెళ్లి చేసుకోవాలనుకున్నారు. ఇద్దరూ బాప్తిస్మం పొందినవాళ్లే, ఇద్దరూ క్వయర్‌లో పాడేవాళ్లే. కులాలు వేరు. కమిటీ కూర్చుంది. ఎవరూ కులం అనే మాట ఎత్తలేదు. ‘సంఘ క్రమశిక్షణ’ అన్నారు. ఇద్దరి సభ్యత్వం నిలిపివేస్తున్నట్టు లెటర్‌హెడ్ మీద టైపు చేసిన కాగితం మా ముందు పెట్టారు. మాకు చేయి ఆడలేదు. పెద్దాయన, ఎంతో మృదువుగా మాట్లాడే మనిషి, మా భుజం తట్టి, “మీరు సంతకం మాత్రం పెట్టండి అయ్యగారూ, బాధ్యత మాది” అన్నారు.

ఆ గదిలో కమిటీలో ఉన్న ఒకే ఒక్క అమ్మ లేచి, “నేను పెట్టను” అంది. గట్టిగా ఏమీ కాదు. కుర్చీ వెనక్కి జరిపి నిలబడింది. మమ్మల్ని చూసింది. మేము తల దించుకుని సంతకం పెట్టాం. రౌండు సీలు కూడా మేమే వేశాం.

మిల్‌గ్రామ్ పుస్తకం చదివినప్పుడు మమ్మల్ని కుదిపేసింది ఆ 65 శాతం కాదు. ప్రయోగాన్ని అతను ఎన్నో రకాలుగా మార్చి చేశాడు. పక్కన ఇద్దరు తోటి టీచర్లను, అంటే నటులను, కూర్చోబెట్టి వాళ్లు మధ్యలో మేము చేయమని లేచిపోయేటట్టు చేసినప్పుడు, 40 మందిలో 4గురే చివరి దాకా వెళ్లారు. కోటు వేసుకున్నాయన గదిలో లేకుండా ఫోనులో చెప్తే నూటికి ఇరవై మందే వెళ్లారు. కాని స్విచ్చు వేరేవాడు నొక్కుతుంటే పక్కన చిన్న పని మాత్రం చేయమన్నప్పుడు 40 మందిలో 37 మంది చివరి దాకా కూర్చున్నారు. సంతకం మాత్రం పెట్టండి అన్న మాట మాకు మళ్లీ వినిపించింది. ఆ అమ్మ మొదటి మనిషి. మేము రెండో మనిషిగా లేచి ఉంటే మూడో మనిషి కూడా లేచి ఉండేవాడేమో. మేము లేవలేదు. బాధ్యత ఎవరిదని ఎవరైనా అడిగితే, మిల్‌గ్రామ్ గదిలో కోటు మనిషి కూడా నాదే అని చెప్పేవాడు. ఆ మాట విని ఊపిరి పీల్చుకుని మళ్లీ స్విచ్చు మీద చేయి పెట్టినవాళ్లున్నారు. మాకు వాళ్ల ముఖాలు తెలుసు. అద్దంలో చూసుకున్నాం.

ఆ ఇద్దరూ రిజిస్టరు ఆఫీసులో పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్లిపోయారు. కొన్నేళ్ల కిందట వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి క్షమాపణ అడిగాం. టీ ఇచ్చారు. పాపను చూపించారు. సంఘానికి రమ్మని మేము అడగలేదు, వస్తామని వాళ్లూ అనలేదు.

ఆ పుస్తకంలో ఇంకో మనిషి ఉన్నాడు. పాత నిబంధన బోధించే ప్రొఫెసరు. విద్యార్థి వదిలేయమని అరిచిన 150 వోల్టుల దగ్గర అతను ఆపేశాడు. తర్వాత మాట్లాడుతూ, దేవుడే అందరికంటే పై అధికారి అని నమ్మితే మనుషుల అధికారం చిన్నదైపోతుందన్న అర్థం వచ్చేలా చెప్పాడు. ఈ సంగతి చెప్పి మన విశ్వాసం గొప్పదని చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. కాని ఆ రోజు మా కమిటీలో ఉన్న అందరూ విశ్వాసులే. కూటం ప్రార్థనతో మొదలై ప్రార్థనతోనే ముగిసింది. దేవుడి పేరునే బూడిద రంగు కోటుగా వేసుకోవచ్చని మాకు అప్పుడే తెలిసింది. అందుకే ఈ తెల్ల అంగీ వేసుకుని మీ ముందు నిలబడినప్పుడల్లా మాకు కొంచెం భయం. ఉండాల్సిన భయమే అది.

యౌవనులారా, మీలో కొందరు ఫ్యాక్టరీల్లో సూపర్‌వైజర్లు, కొందరు కంపెనీల్లో ఉద్యోగులు, కొందరు పోలీసు ఉద్యోగానికి రాస్తున్నారు. కాంట్రాక్టు కూలీల హాజరు తగ్గించి రాయమని ఎవరో నెమ్మదిగా చెప్తారు. ఫలానా వాళ్లకు ఇల్లు అద్దెకు ఇవ్వొద్దని అపార్ట్‌మెంటు గ్రూపులో మెసేజి వస్తుంది, మీరు వేలు పైకెత్తిన గుర్తు పెడితే చాలు. అక్కడ ఎవరూ అరవరు. వెనక ఏనుగు నడుస్తుంటుంది.

ఒక పని చేయండి. ఈ క్రిస్మస్ నాటకంలో సైనికుడి వేషానికి మీలో అందరికంటే బాగా మాట్లాడగలిగే వాణ్ణి పెట్టండి. హేరోదు ఆజ్ఞ ఇచ్చాక అతణ్ణి ఒక్క నిమిషం ఆపండి. కత్తి అట్టముక్కేనని అందరికీ తెలుసు, తెలియనివ్వండి. అతను జనం వైపు తిరిగి, “నన్నేం చేయమంటారు?” అని అడగాలి. ఆ తర్వాత ఏం జరుగుతుందో మేము రాసివ్వం. సంఘాన్నే జవాబు చెప్పనివ్వండి.

ఆ రోజు కుర్చీ వెనక్కి జరిపి నిలబడిన ఆ అమ్మ ఇప్పుడు లేరు. ఆమె పేరు చెప్పమని ఆమె కుటుంబాన్ని అడగలేదు గనుక చెప్పడం లేదు. ఆమె లేచినప్పుడు మేము లేవలేదు. మీ గదిలో అలాంటి వారు ఒకరు లేచినప్పుడు మీరు రెండోవారిగా లేవండి. ప్రార్థన చేసుకుందాం.